మోచేయి దగ్గర ఎముకలో గడ్డ: ఆపరేషన్ దాకా, ఆ తర్వాతా ఏం చేయాలి?

ఎక్స్‌రే చూసి "ఎముకలో గడ్డలా ఉంది" అని డాక్టర్ గారు అనగానే ఇంట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న: క్యాన్సరా? మోచేయి దగ్గర ఎముకలో గడ్డలు రావడమే తక్కువ. వచ్చినవాటిలో క్యాన్సర్ కానివి ఎన్నో ఉంటాయి, వాటితో సాధారణంగా ప్రాణభయం ఉండదు. అయితే మోచేయికి మాత్రం భయం ఉంటుంది. ఈ కీలు బిగుసుకుపోతే ముద్ద నోటి దాకా రాదు, జడ వేసుకోలేరు, చొక్కా గుండీ పెట్టుకోలేరు. కాబట్టి గడ్డ తీయించడం ఎంత ముఖ్యమో, చెయ్యి ముడుచుకోవడం, చాపుకోవడం పోకుండా చూసుకోవడం అంతే ముఖ్యం. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ లెక్కలోనే చూడండి.

1. ముందు మాలిష్ ఆపేయండి

హైదరాబాద్‌లో చెయ్యి నొప్పి అంటే చాలామంది తిన్నగా పాతబస్తీలో పహిల్వాన్ కట్టుకు వెళ్తారు. లేదంటే ఇంట్లోనే నూనె కాచి గట్టిగా రుద్దుతారు. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ గడ్డ వల్ల లోపల ఎముక పలచబడి ఉంటే ఆ ఒత్తిడికే విరగొచ్చు. పైగా మోచేయి చుట్టూ కండరాన్ని గట్టిగా నలిపితే అందులో కొత్తగా ఎముక పెరిగి కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. గడ్డ సంగతి తేలేదాకా చేతికి విశ్రాంతి ఇవ్వండి, బరువులు ఎత్తనివ్వకండి.

2. ఏ గడ్డో తేల్చుకోండి

మొదట రెండు వైపుల నుంచి ఎక్స్‌రే. చిన్నపిల్లలకైతే రెండో మోచేయికి కూడా తీయమంటారు. ఎదిగే వయసులో మోచేయి ఎముకలు ముక్కలు ముక్కలుగా కనిపిస్తాయి కాబట్టి, బాగున్న చేతితో పోల్చుకుంటేనే తేడా తెలుస్తుంది. ఆ తర్వాత గడ్డ చుట్టుపక్కల ఎంత దూరం పాకిందో, నరాలకు ఎంత దగ్గరగా ఉందో ఎంఆర్‌ఐ చూపిస్తుంది.

రాత్రిపూట నొప్పి ఎక్కువై, మామూలు నొప్పి మాత్రతో తగ్గిపోతుంటే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అని అనుమానిస్తారు. పిల్లల్లో, పాతికేళ్ల లోపు వాళ్లలో ఇది ఎక్కువ. గడ్డ సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు. కీలు దగ్గర వస్తే వాపు, బిగువుతో అచ్చం కీళ్లవాతంలా కనిపిస్తుంది. నెలల తరబడి కీళ్లవాతం మందులు వాడి, చివరికి అసలు సంగతి బయటపడినవాళ్లు ఉన్నారు. దీనికి సన్నటి పొరలు పొరలుగా బొమ్మలు తీసే సీటీ స్కాన్ బాగా పనికొస్తుంది.

ఎముక మీద గట్టి బుడిపెలా పెరిగేది ఆస్టియోకాండ్రోమా. ఇబ్బంది పెట్టకపోతే దీన్ని ముట్టుకోవాల్సిన పనే లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. ఎదుగుదల ఆగాక కూడా పెరుగుతున్నా, కొత్తగా నొప్పి మొదలైనా మాత్రం వెంటనే చూపించాలి.

ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వాళ్లలో కనిపించే జెయింట్ సెల్ ట్యూమర్ మరో రకం. క్యాన్సర్ కాదంటారు గానీ ఎముకను తినేస్తుంది, తీసినా మళ్లీ వచ్చే గుణం ఉంది, అరుదుగా ఊపిరితిత్తుల్లోనూ కనిపిస్తుంది. అందుకే ఛాతీ పరీక్ష కూడా చేయిస్తారు.

3. బయాప్సీ విషయంలో తొందరపడకండి

బయాప్సీ అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో పరీక్షించడం. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే అడుగు ఇదే. సూది ఏ దారిలో లోపలికి వెళ్తుందో, తర్వాత కోత కూడా ఆ దారిలోనే పడాలి. గడ్డ చెడ్డదని తేలితే ఆ దారిని కూడా కలిపి తీసేయాల్సి వస్తుంది. కాబట్టి ఆపరేషన్ చేయబోయే డాక్టరే బయాప్సీ చేయడం గానీ, ఆయన చెప్పిన చోట చేయించడం గానీ మంచిది. నిమ్స్, గాంధీ, ఉస్మానియా లాంటి పెద్ద దవాఖానల్లో ఎముకల విభాగాలు ఉన్నాయి. క్యాన్సర్ అనుమానం గట్టిగా ఉంటే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పంపుతారు. ఎక్కడికి వెళ్లినా "ఎముకల గడ్డలు చూసే డాక్టర్ ఎవరు?" అని సూటిగా అడగండి.

ముక్క తీసిన సీసాను ల్యాబ్‌కు చేర్చమని ఒక్కోసారి మన చేతికే ఇస్తారు. తీసుకునే ముందు చీటీ చదవండి: పేరు, వయసు, దవాఖాన నంబరు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ రిపోర్టులు కూడా ల్యాబ్‌కు ఇవ్వండి. ఎముక గడ్డల విషయంలో స్లైడు ఒక్కటీ చూసి చెప్పడం కష్టం.

4. ఖర్చు సంగతి అడ్మిషన్‌కు ముందే

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. మీకు చేయబోయే ఆపరేషన్ అందులో ఉందో లేదో కౌంటర్లో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు అనుమతి పెట్టించండి.

5. ఏ ఆపరేషనో అర్థం చేసుకోండి

బుడిపె అయితే మొదలంటా కోసి తీస్తారు. ఎముక లోపలి గడ్డను గోకి తీస్తారు. మిగిలిన కణాలు పోవడానికి వేగంగా తిరిగే బర్ర్ అనే పరికరంతో ఆ గోడలను అరగదీస్తారు. ఖాళీ అయిన చోట తుంటి నుంచి తీసిన ఎముక పొడి గానీ, ఎముక సిమెంట్ గానీ నింపుతారు. అవసరమైతే ప్లేటు వేస్తారు. ఆస్టియాయిడ్ ఆస్టియోమాకు చాలాసార్లు కోత అక్కర్లేదు, సీటీలో చూస్తూ సూది పంపి గడ్డను వేడితో మాడ్చేస్తారు. నరానికి సెంటీమీటరు లోపే గడ్డ ఉంటే ఆ వేడి నరానికి తగలొచ్చు కాబట్టి అప్పుడు కోతే మేలు కావచ్చు.

డాక్టర్ గారిని ఇవి తప్పకుండా అడగండి. గడ్డకు దగ్గరగా ఏ నరం ఉంది? మళ్లీ వచ్చే అవకాశం ఎంత? చెయ్యి ఎప్పటి నుంచి కదిలించాలి? అడగడానికి మొహమాటపడొద్దు.

6. ఆపరేషన్ రోజు, ఆ రాత్రి

ఆపరేషన్‌కు ముందే ఒక పని చేయండి. ఆ చేతి బొటనవేలు పైకి లేపించండి, బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టించండి, ఐదు వేళ్లూ దూరంగా చాపించండి, చిటికెన వేలి కొస తాకి స్పర్శ అడగండి. మోచేయి చుట్టూ తిరిగే మూడు ముఖ్యమైన నరాలూ పనిచేస్తున్నాయో లేదో వీటితో తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత మత్తు పూర్తిగా దిగాక మళ్లీ ఇవే చేయించండి. చేతికి ఇచ్చిన మత్తు కొన్ని గంటలు ఉంటుంది, అప్పటిదాకా వేళ్లు కదలకపోతే టెన్షన్ పడకండి. కానీ ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి పెరుగుతూ పోవడం, వేళ్లు చాపితే విలవిల్లాడటం, వేళ్లు చల్లబడి పాలిపోవడం కనిపిస్తే అర్ధరాత్రైనా సరే నర్సును, డ్యూటీ డాక్టర్‌ను పిలవండి. పొద్దున్నే రౌండ్స్ దాకా ఆగొద్దు.

7. కదలిక మొదలుపెట్టడం

మోచేయి ఎంత త్వరగా బిగుస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. డాక్టర్ గారు సరేనన్న రోజు నుంచే రోగి తన బలంతో తానే ముడవాలి, చాపాలి. ఇంట్లోవాళ్లు పట్టుకుని లాగకూడదు, ఇక్కడా మాలిష్ వద్దు. చెయ్యి పూర్తిగా చాపితే సున్నా డిగ్రీలు అనుకుంటే, 30 నుంచి 130 డిగ్రీల మధ్య కదలిక వస్తే రోజువారీ పనులు చాలావరకు జరిగిపోతాయి. అరచెయ్యి పైకీ కిందికీ తిప్పడం కూడా మరవొద్దు. ఎముక అతికేదాకా బకెట్ ఎత్తడం, బండి నడపడం ఆపాలి.

8. చెకప్‌లు

నొప్పి పోయిందని చెకప్ మానేస్తే మళ్లీ వచ్చిన గడ్డ ఆలస్యంగా దొరుకుతుంది. జెయింట్ సెల్ ట్యూమర్ తిరిగొస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. వెళ్లిన ప్రతిసారీ పాత ఎక్స్‌రేలు, సీడీలు, బయాప్సీ రిపోర్టు ఒకే కవర్లో పెట్టుకుని తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే డాక్టర్‌కు తేడా కనబడుతుంది, ఫోన్లో తీసిన మసక ఫొటోతో ఆ పని జరగదు.