నిజనిర్ధారణకు వెళ్లడం ఎలా?

"నిన్న రాత్రి మా అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారు. ఎక్కడ పెట్టారో చెప్పడం లేదు."

జిల్లాల్లో పౌరహక్కుల సంఘంలోనో, మానవ హక్కుల వేదికలోనో పనిచేసేవారికి ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. ఇలాంటప్పుడు ఊరికి వెళ్లి, అసలేం జరిగిందో కనుక్కుని నివేదిక రాయడమే నిజనిర్ధారణ. ఆ ఫోను మొదలు నివేదిక బయటికి వచ్చేదాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. దీనికి లా చదివి ఉండనక్కర్లేదు. విన్నది విన్నట్టు రాసుకునే ఓపిక ఉండాలి. అది అనుకున్నంత తేలిక కాదు.

ఫోను రాగానే

ఓదార్చే ముందే అడగాల్సినవి ఉన్నాయి. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు? ఎంతమంది వచ్చారు? యూనిఫాంలోనా, మఫ్టీలోనా? ఏ బండిలో? కాగితం ఏమైనా ఇచ్చారా? అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంది. "అరెస్టు చేయలేదండీ, విచారణకు పిలిచాం" అనే మాట ఎక్కువగా వాడేది ఆ గడువును దాటవేయడానికే. కాబట్టి మన లెక్క మనం మొదటి గంట నుంచే రాసిపెట్టుకోవాలి.

వెంటనే ఎస్పీకి, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. వెనకటి తరంవారు టెలిగ్రాం కొట్టేవారు. దాని మీద పంపిన సమయం ఉండేది కనుక తర్వాత కోర్టులో చూపించుకోవడానికి పనికొచ్చేది. 2013 జులైలో టెలిగ్రాం సేవే ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని ఈమెయిల్ చేస్తుంది. ఫోనులో ఎంత గట్టిగా మాట్లాడినా రేపు చూపించడానికి ఏమీ మిగలదు.

గడువు దాటినా మనిషి జాడ చెప్పకపోతే హైకోర్టులో హేబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్, వేయించాలి. బంధువులే వేయాలని లేదు, స్నేహితులైనా సంఘమైనా వేయవచ్చు.

ఎవరు వెళ్లాలి

ముగ్గురు నుంచి ఐదుగురు చాలు. పదిమంది దిగితే అది ఊరేగింపు అవుతుంది, ఊరు నోరు విప్పదు. అందులో ఒక మహిళ, వీలైతే ఒక న్యాయవాది ఉండాలి. తండాకైతే లంబాడీ, గూడేనికైతే కోయ లేదా గోండి తెలిసినవారు ఉండాలి. బాధితుల బంధువులూ, ఆ ఊళ్లో ఏ పార్టీ నాయకులైనా సరే, బృందంలో వద్దు. చార్జీలు ఎవరివి వారే పెట్టుకోవాలి.

ఊళ్లో

అసలు పని ఇక్కడే. అందరినీ చెట్టుకింద కూర్చోబెట్టి అడిగితే ఒకరి మాటే అందరి మాట అవుతుంది. విడివిడిగా మాట్లాడండి. ప్రతి వాక్యం దగ్గరా "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. నోటు పుస్తకంలో పేజీని నిలువునా రెండుగా మడిచి, చూసింది ఒక వైపు, విన్నది మరో వైపు రాసుకోవడం నా అలవాటు. ఈ అలవాటు ఒక దెబ్బ తిన్నాక వచ్చింది. తొలినాళ్లలో ఒక నివేదికలో "నలుగురు పోలీసులు కొట్టారు" అని రాశాను. ఊరంతా అదే చెప్పింది. తీరా చూస్తే కళ్లారా చూసింది ఒక్కడే, అతను చూసింది ఇద్దరిని. ఆ ఒక్క అంకె పట్టుకుని మిగతా నివేదికంతా అబద్ధమని కొట్టిపారేశారు.

సమయం దగ్గర మరీ జాగ్రత్త. ఒక తల్లిని ఎన్ని గంటలకని అడిగితే "బాగా పొద్దుపోయాక" అంది. ఇంట్లో గడియారం లేదు. రాత్రి బస్సు వచ్చాకా, రాకముందా అని అడిగాం. "కండక్టరు మా అరుగు మీదే మంచినీళ్లు తాగాడు. ఆయన చెంబు కింద పెట్టేసరికి జీపు వచ్చింది" అంది. నైట్‌హాల్ట్ బస్సు ఆ ఊరికి ఎన్నింటికి చేరిందో డిపోలో కనుక్కున్నాం, 9.40. పోలీసు రికార్డులో అరెస్టు మర్నాడు సాయంత్రం, అదీ పట్నంలో బస్టాండు దగ్గర! మా నివేదికకు ఆ చెంబెడు నీళ్లే ఆయువుపట్టు అయ్యాయి.

స్టేషన్లో

చాలా బృందాలు ఈ మెట్టు ఎక్కకుండానే తిరిగి వస్తాయి. అది తప్పు. ఎస్సై చెప్పేది కూడా ఆయన మాటల్లోనే రాసుకోవాలి. టీ ఇస్తే తాగండి, దానికి నివేదిక మారదు.

అరెస్టు మెమో ఉందా, దాని మీద సాక్షి సంతకం, అరెస్టయిన వ్యక్తి సంతకం ఉన్నాయా, ఇంట్లో ఎవరికి తెలియజేశారు అని అడగండి. ఇవి కస్టడీ హింస మీద వచ్చిన డి.కె.బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. ఆ తేదీల సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచాలని అక్కడే లిఖితంగా కోరండి. పోలీసు స్టేషన్లలో కెమెరాలు ఉండాలని, దృశ్యాలు 18 నెలలు, అది కుదరని చోట కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. "కెమెరా పాడైంది" అంటే ఎప్పటి నుంచి, మరమ్మతుకు ఎప్పుడు రాశారని అడగండి. జవాబు ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాసుకోండి.

గాయాలు

గాయం ఎంతుందో తెలిసేలా పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి, బాధితుడు ఒప్పుకుంటేనే ఫొటో తీయండి. ఓపీ చీటీ, ఎక్స్‌రే జాగ్రత్త చేయించండి. రిమాండుకు తెచ్చినప్పుడు మేజిస్ట్రేటుకు దెబ్బల సంగతి నోరు తెరిచి చెప్పాలని కుటుంబం ద్వారా, వకీలు ద్వారా ముందే తెలియజేయాలి. అక్కడ చెప్పని మాటను తర్వాత నమ్మించడం కష్టం. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. న్యాయసేవల ఫోను 15100.

మనిషి కస్టడీలో చనిపోతే సంగతి వేరు. మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు కబురు వెళ్లాలి, పోస్టుమార్టం వీడియో తీయాలి. ఇవి జరిగే దాకా అంత్యక్రియలకు తొందరపెట్టే పెద్దమనుషులు ఎవరో గమనించండి.

నివేదిక

రెండు పేజీలు మించితే విలేకరులు చదవరు. మేం చూసింది, మాకు చెప్పింది, పోలీసులు చెప్పింది, మేం తేల్చింది, మా డిమాండ్లు. ఈ వరస తప్పవద్దు. విశేషణాలు కొట్టేయండి. "అమానుషంగా" అనే మాటకన్నా "ఎడమ మడమ మీద మూడంగుళాల వాపు" అన్నది ఎక్కువ పని చేస్తుంది. లైంగిక హింస జరిగినచోట బాధితురాలి పేరే కాదు, ఊరు, బంధువుల పేర్లు కూడా రాయకూడదు. మామూలు సాక్షుల పేర్లు వేసే ముందు కూడా వారిని అడగాలి. మనం సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాం, వాళ్లు ఆ స్టేషన్ పరిధిలోనే బతకాలి.

ఈ పనిలో ప్రమాదం లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. వరంగల్‌లో పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం నాయకుడు రామనాథాన్ని 1985 సెప్టెంబరు 3న కాల్చి చంపారు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో మన ఊళ్లోనే ఉండిపోయే ఒక సభ్యుడికి చెప్పకుండా ఎవరూ కదలకూడదన్నది అందుకే.

పంపడం, వెంటపడటం

మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు సంఘటన జరిగిన ఏడాదిలోపే చేరాలి. సమాచార హక్కు దరఖాస్తుకు మామూలు గడువు 30 రోజులు. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలే, ఆ సంగతి దరఖాస్తు పైనే రాయండి. బాధితులు దళితులు, ఆదివాసులై, దాడి చేసింది ఆ వర్గాలకు చెందనివారైతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారో లేదో చూడండి. పెడితే దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు.

ప్రతి అర్జీకీ రసీదు, స్పీడ్ పోస్టు చీటీ ఒకే సంచిలో పెట్టి, అసలు కాగితాలు ఆ కుటుంబం దగ్గర ఉంచి, జిరాక్సులు మాత్రమే మనం తెచ్చుకోవాలి. వాయిదా తేదీ వాళ్ల గోడ క్యాలెండరు మీద సున్నా చుట్టి రావాలి.