ఆనకట్ట కింద చన్నీళ్లలో ట్రౌట్ చేపలు పట్టడం ఎలా?

చిన్నప్పుడు కాలవగట్టు మీద కూర్చుని, వెదురుకర్రకి దారం కట్టి, వానపాముని ఎరగా గుచ్చి జెల్లలు పట్టినవాణ్ణి. ట్రౌట్ మాత్రం చేప కాదా ఏమిటి అనుకుంటూ వెళ్లాను. మొదటిరోజు ఒక్కటీ పడలేదు. పైగా మోకాళ్ల లోతులో నిలబడ్డవాడికి చూస్తుండగానే నడుము దాకా నీళ్లొచ్చాయి. పరుగున గట్టెక్కానుగానీ ఎరల పెట్టె ఏట్లో పోయింది. వాన లేదు, మబ్బు లేదు. ఎగువన ఎవరో కరెంటు తీయడం మొదలుపెట్టారు, అంతే.

నేను వెళ్లింది అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, బ్రాన్సన్ ఊరి పక్కనున్న టేనీకోమో సరస్సుకి. బెంటన్‌విల్‌లో ఉండే మనవాళ్లకి రెండు గంటల దారి, డల్లాస్ వాళ్లకి ఏడు. వైట్ నదికి అడ్డంగా 1913లో పవర్‌సైట్ ఆనకట్ట కడితే ఏర్పడిన సరస్సు ఇది. టేనీ కౌంటీ, మిస్సోరీ అన్న మాటల్ని ముక్కలు చేసి అతికిస్తే ఆ పేరొచ్చింది. అప్పట్లో ఇందులో వెచ్చని నీళ్లే, ఆ నీళ్ల చేపలే. 1958లో ఎగువన టేబుల్ రాక్ డ్యామ్ పూర్తయ్యాక కథ మారింది. ఆ పెద్ద జలాశయంలో ఎండాకాలం పైనీళ్లు వేడెక్కుతాయి, అడుగునీళ్లు మాత్రం చలికాలపు చలిని దాచుకుని అలాగే ఉంటాయి. టర్బైన్లకి వెళ్లేవి ఆ లోతు నీళ్లే. అందుకే జూలైలో కూడా డ్యామ్ కింద నీళ్లు దాదాపు 9, 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటాయి, తెల్లవారుజామున ఏటిమీద పొగమంచు కమ్ముతుంది. అక్కడి పాత చేపలకి ఆ చలి పడలేదు, ట్రౌట్‌కి సరిగ్గా కావలసింది అదే. డ్యామ్ పక్కనే షెపర్డ్ ఆఫ్ ది హిల్స్ అనే చేపపిల్లల కేంద్రం ఉంది. ట్రౌట్‌ని అక్కడ పెంచి ఈ నీళ్లలో వదులుతారు.

1. ముందు కరెంటు సంగతి కనుక్కోండి

వాతావరణం తర్వాత చూసుకోవచ్చు. టేబుల్ రాక్‌లో కరెంటు తీసే టర్బైన్ యూనిట్లు, ఒక్కొక్కటి 50 మెగావాట్లవి, నాలుగున్నాయి. డిమాండు పెరిగినప్పుడు తిప్పుతారు, తగ్గగానే ఆపేస్తారు. ఎండ మండిపోయే మధ్యాహ్నం ఊళ్లలో ఏసీలన్నీ ఒక్కసారి ఆన్ అయితే, ఆ లెక్క మీ మోకాళ్ల దగ్గర తేలుతుంది. మర్నాడు ఏ గంటకి ఎంత కరెంటు తీస్తారన్న అంచనాని, ఆ కరెంటు అమ్మే ప్రభుత్వ సంస్థ సౌత్‌వెస్టర్న్ పవర్ అడ్మినిస్ట్రేషన్ ముందురోజే ఆన్‌లైన్‌లో పెడుతుంది. అది అంచనాయే, హామీ కాదు. బయలుదేరే ముందు డ్యామ్ కింద నీటిమట్టం కూడా చూడండి. యూనిట్లన్నీ ఆగి ఉంటే సముద్రమట్టం నుంచి దాదాపు 701 అడుగులు ఉంటుంది (లోతు కాదు). నాలుగూ తిరిగితే ఎనిమిది అడుగుల దాకా పెరుగుతుంది.

యూనిట్లు ఆగి ఉంటేనే నీళ్లలో దిగండి. దిగగానే ఎదురుగా ఒక రాయిని గుర్తు పెట్టుకోండి. దాని తడి అంచు పైకి జరిగినా, ఆకులూ పుల్లలూ నాచూ ఉన్నట్టుండి కొట్టుకొస్తున్నా, గాలంలో చేప ఉన్నా సరే గట్టెక్కాల్సిందే. డ్యామ్ దగ్గర సైరన్ మోగిస్తారుగానీ దిగువకి పోయినకొద్దీ అది వినపడదు. అవతలి గట్టుకి దాటి ఉంటే సగం దారిలో ఇరుక్కుంటారు, కాబట్టి కారు ఉన్న గట్టునే ఉండండి.

ఈ ఒక్క అంశం మీద ఇంత రాయడం అతి అనుకోకండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు కొట్టుకుపోయినవాళ్లలో 24 మంది హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు. వాళ్లు బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు.

2. పర్మిట్

మిస్సోరీ ఫిషింగ్ పర్మిట్‌తో పాటు ట్రౌట్ పర్మిట్ వేరే కావాలి. రెండూ ఫోన్‌లోనే కొనుక్కోవచ్చు. రోజుకి నాలుగు చేపలే, అందులో బ్రౌన్ ట్రౌట్ ఒక్కటే, అదీ 20 అంగుళాలు ఉంటేనే. డ్యామ్ నుంచి ఫాల్ క్రీక్ కలిసే చోటు వరకు వానపాములూ పిండి ఎరలూ నిషేధం, కృత్రిమ ఎరలే వాడాలి. అక్కడ 12 నుంచి 20 అంగుళాల మధ్య ఉన్న రెయిన్‌బో ట్రౌట్‌ని వదిలేయాలి. నిబంధనలు మారుతుంటాయి, వెళ్లేముందు మరోసారి చూసుకోండి.

3. సామాను

ఆరేడు అడుగుల పల్చటి రాడ్, చిన్న రీలు, 4 పౌండ్ల బరువు ఆపగల దారం చాలు. అద్దంలాంటి నీళ్లు కాబట్టి లావు దారాన్ని ట్రౌట్ ఇట్టే పసిగడుతుంది. నీళ్లలో దిగాలంటే ఛాతీ దాకా వచ్చే వేడర్లు (నీళ్లు చొరని ప్యాంట్లు), నడుముకి బెల్టు తప్పనిసరి. పడిపోతే లోపలికి నీళ్లు పోకుండా ఆపేది ఆ బెల్టే. అడుగున ఫెల్ట్ (ఉన్నిలాంటి మందపు గుడ్డ) ఉన్న బూట్లు వద్దు. వాటికి అంటుకుని ఒక ఏటి నాచు ఇంకో ఏటికి పాకుతుందని మిస్సోరీ ట్రౌట్ నీళ్లలో వాటిని 2012లోనే నిషేధించారు.

4. నీళ్లు ఆగినప్పుడు: బెండు కట్టి

నాకు ఇష్టమైన పద్ధతి ఇదే. మన బెండు గాలమే, కాకపోతే అన్నీ బుల్లివి. డ్యామ్ కింద ఒక గులకరాయి తీసి తిరగేసి చూడండి. బూడిదరంగు బియ్యపు గింజంత పురుగులు వంకర తిరిగి పక్కకి పాకుతుంటాయి. స్కడ్లంటారు, అచ్చం రొయ్యపిల్లల్లా ఉంటాయి. ఇక్కడి ట్రౌట్‌కి రోజూ తిండి అదే. కాబట్టి బుల్లి గాలానికి దారాలు చుట్టి స్కడ్‌లా కట్టిన కృత్రిమ ఎర, అంటే ఫ్లై, 16వ నంబరుది కొనండి.

దారానికి శనగగింజంత బెండు, దానికింద రెండడుగుల 2 పౌండ్ల సన్నదారం, చివర ఫ్లై. ముడి బిగించేముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడికి దారం కాలి, చేప పడ్డాక అక్కడే తెగుతుంది. లోతే అసలు కిటుకు. ఎర నేలకి జానెడు ఎత్తులో జరగాలి. నాలుగైదు విసుర్లకి ఒకసారైనా ఎర నేలకి తగిలి బెండు తడబడకపోతే మీ ఎర పైపైనే పోతోందన్నమాట. బెండుని అరడుగు పైకి జరపండి.

ఎగువకి విసిరి, ప్రవాహంతో పాటు రానివ్వండి. బెండు వెనక చిన్న గీత లేస్తోందంటే దారం దాన్ని లాగుతోందని అర్థం. బతికున్న పురుగు అలా ఈదదు. దారం కాస్త వదలండి. జెల్లలా బెండుని గబుక్కున ముంచుతుందని చూస్తే రోజంతా చూస్తూనే ఉంటారు. వస్తున్న బెండు ఒక్క క్షణం ఆగుతుంది, అంతే. ఆగీ ఆగగానే రాడ్ కొస పైకెత్తండి. గట్టిగా గుంజితే 2 పౌండ్ల దారం నిలవదు.

5. నీళ్లు వదిలినప్పుడు, దిగువ సరస్సులో

యూనిట్లు తిరుగుతుంటే పడవే శరణ్యం. లైఫ్ జాకెట్ వేసుకుని ప్రవాహంతో పాటు పోనిస్తూ, బరువైన జిగ్‌ని (సీసపు తల ఉన్న గాలం ఎర) అడుగుకి దింపి కొద్దికొద్దిగా ఎగరేయండి. చలి బాగా ముదిరినప్పుడు టేబుల్ రాక్‌లోని షాడ్ అనే చిన్న చేపలు సత్తువ పోయి టర్బైన్ల గుండా కిందికొస్తాయి. ఆ రోజుల్లో తెల్ల జిగ్ తప్ప మరోటి తీయక్కర్లేదు, పెద్ద బ్రౌన్ ట్రౌట్‌లు బయటికొచ్చేది అప్పుడే.

బ్రాన్సన్ దాటాక అది ఏరు కాదు, చెరువే. అక్కడ వానపాములకీ, ట్రౌట్ కోసం డబ్బాల్లో అమ్మే పిండి ఎరకీ అడ్డు లేదు. పిల్లలతో వెళ్తే నేరుగా ఇక్కడికే రండి. డాక్ మీద కుర్చీ వేసుకుని, ఎర నేలకి అడుగు పైన తేలేలా చిన్న సీసంగుండు పెట్టి విసరడమే.

6. పడ్డాక

వదిలేసే చేపని పొడిచేతులతో పట్టుకోవద్దు, ఒంటిమీది జిగురు పోతే రోగాలొస్తాయి. నీళ్లలో ఉండగానే గాలం తీయండి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మరింత జాగ్రత్త. ఎండాకాలమంతా కదలని అడుగునీళ్లలో ఆక్సిజన్ తరిగిపోయి ఉంటుంది, ఆ నీళ్లే కిందికొస్తాయి. ఎక్కువసేపు ఆడిస్తే చేప కోలుకోదు.

ఇంటికి తెచ్చుకునేదైతే వెంటనే పొట్ట తీసి, వెన్నుముల్లు పొడవునా ఉండే నల్లటి నెత్తుటి చారని బొటనవేలి గోరుతో గీకేసి ఐసులో పెట్టండి. పొలుసు మరీ సన్నం, తీయక్కర్లేదు. పులుసు మాత్రం పెట్టకండి, నేను పెట్టాను. ముక్క విడిపోయి ముళ్లు ఏరుకోవడమే మిగిలింది. ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, చర్మం వైపు ముందు పెనానికి తగిలేలా వేసి, నాలుగు నిమిషాలు కదపకుండా ఉంచండి.