పాత లెన్సుల మరమ్మతు, 3వ పాఠం: ఫిల్టర్ రింగు సొట్ట తీయడం

పోయిన పాఠంలో ఇరుక్కుపోయిన ఫిల్టర్‌ని విప్పాం. విప్పాక అసలు జబ్బు బయటపడుతుంది: ఫిల్టర్ ఎక్కే ముందు రింగు ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. గాజు బాగుంటే ఫొటోలకి ఏ లోటూ రాదు, ఫిల్టర్ మాత్రం ఎక్కదు. చెన్నైలో ఉన్నవాళ్లు మూర్ మార్కెట్లోనో ఎల్లిస్ రోడ్డులోనో ఇలాంటి లెన్సు చూస్తే వదిలేయకండి, బేరం గట్టిగా ఆడండి.

పుదుపేటలో కారు డోరు సొట్ట తీసే టింకరింగ్ మేస్త్రీల పనితనం చూశాక చాలామందికి చెయ్యి సుత్తి మీదికి పోతుంది. లెన్సుకి సుత్తి వద్దు. దెబ్బ అదురు లోపలి గాజుల దాకా పోతుంది; వాటి అమరిక కాస్త కదిలినా ఫొటోలో ఒక పక్క మసకబారుతుంది. మనం చేసేదంతా నొక్కుడే, అదీ నిదానంగా. వేడి కూడా పెట్టకూడదు. ఫోకస్ గ్రీజు కరిగి, వెలుతురుని అదుపు చేసే అపెర్చర్ రేకుల మీదికి పాకుతుంది, పాత లెన్సుల్లో గాజుల్ని అతికించిన బాల్సం మెత్తబడుతుంది.

ముందు లోహం ఏదో చూసుకోండి. ఇత్తడి రింగయితే అదృష్టం, చెప్పిన మాట వింటుంది. అల్యూమినియం అలా కాదు. ఒకసారి వంగిన చోట గట్టిపడుతుంది, మళ్లీ మళ్లీ అటూ ఇటూ వంచితే చిట్లుతుంది. ప్లాస్టిక్ రింగు జోలికి వెళ్లొద్దు. సొట్ట దగ్గర ఇప్పటికే వెంట్రుకవాసి చీలిక కనబడినా, ఫోకస్ తిప్పుతుంటే పట్టేసినా ఈ పాఠం మీ లెన్సుకి కాదు. కొన్ని లెన్సుల్లో ముందు రింగు మూడు చిన్న స్క్రూలతో విడిగా ఊడి వస్తుంది. అలాంటిదైతే ఊడదీసి, బల్ల మీద పెట్టుకుని హాయిగా పని చేయవచ్చు.

దీనికోసం అమ్మే పనిముట్టు పేరు లెన్స్ వైస్. ఇంట్లోనే చేసుకుందాం. టేకు ముక్కలు రెండు, ఒక్కోటి 12 మి.మీ. మందం; 30 మి.మీ. పొడవున్న ఎం6 (6 మి.మీ. లావు) బోల్టు, దానికి నట్టు, వాషరు. ఈ కొలతలు 52 మి.మీ. ఫిల్టర్ సైజుకి, అంటే పాత నికాన్ 50 మి.మీ. లెన్సుల్లాంటి వాటికి. టేకు తునకలు మీ వీధి వడ్రంగి అన్నని అడిగితే ఊరికే ఇస్తాడు. రెండు ముక్కల బయటి అంచునీ రింగు లోపలి వంపుకి సరిపోయేలా ఆకురాయితో అరగదీయండి. ఒకటి సన్నగా, సొట్ట వెడల్పుకి సమంగా ఉండాలి. రెండోది వెడల్పుగా, రింగులో మూడో వంతు ఆనేలా ఉండాలి. రెండూ సన్నగా ఉంటే సొట్ట పోయే లోపు ఎదురు పక్క బయటికి ఉబ్బి రింగు కోడిగుడ్డు ఆకారంలోకి తిరుగుతుంది. వెడల్పు ముక్క లోపలి ముఖంలో బోల్టు తల కూర్చునే గుంట, సన్న ముక్కలో బోల్టు కాడ వదులుగా దూరే బెజ్జం తవ్వండి. నట్టు తిప్పితే వాషరు సన్న ముక్కని తోస్తుంది, రెండూ దూరం జరుగుతాయి.

లెన్సు గాజు మీద గుండ్రంగా కత్తిరించిన అట్ట వేసి, అంచుల్లో మాస్కింగ్ టేపు అంటించండి. ఫోకస్‌ని ఇన్ఫినిటీకి, అంటే అన్నిటికన్నా దూరపు గుర్తుకి, తిప్పి పెట్టండి; గొట్టం లోపలికి పోయి మరలు ఎక్కువ మేర పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒత్తిడికి తట్టుకుంటాయి.

ఇక నొక్కుడు. ఎం6 మర ఒక చుట్టుకి 1 మి.మీ. జరుగుతుంది. మీరు తిప్పాల్సింది పావు చుట్టు, అంటే 0.25 మి.మీ. తిప్పి, కాసేపు అలాగే ఉంచి, వదులు చేసి చూడండి. లోహం కొంత వెనక్కి వస్తుంది, అది దాని గుణం. మళ్లీ బిగించేటప్పుడు మునుపటి కంటే రవ్వంత ముందుకి. సొట్ట నడిమధ్యన మొదలుపెట్టకండి. రెండు చివర్ల నుంచి మధ్యకి రండి.

ప్రతి విడతకీ ఒక పాత ఫిల్టర్ పెట్టి చూడాలి. ముందు ఎడమకి తిప్పండి, మర మొదలు దొరికితే టిక్కుమని చిన్న కదలిక వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడికి. అయితే ఆ ఫిల్టర్ మీ లెన్సుదే కావాలి. ఈ సైజుల్లో మామూలుగా మర దూరం, అంటే మరలో ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య ఎడం, 0.75 మి.మీ. రష్యా హీలియోస్ 44-2 లెన్సుకి 49 మి.మీ. సైజే అయినా మర దూరం 0.5 మి.మీ. మామూలు ఫిల్టర్ కాస్త ఎక్కి బిగుసుకుపోతుంది, మీరేమో సొట్ట ఇంకా ఉందనుకుని నొక్కుతూ పోతారు.

ఫిల్టర్ ఎక్కిన క్షణం ఆపేయండి. చూపుకి ఇంకా కొంచెం వంకర కనబడుతుంది, కనబడనివ్వండి. అందం కోసం నొక్కే ఆ చివరి పావు చుట్టులోనే అల్యూమినియం పగులుతుంది.

నలిగిన మరల్ని సరిచేయాలంటే గాజు తీసేసిన పాత ఫిల్టర్ రింగు మరకి రంపంతో మూడు చోట్ల గాట్లు పెట్టి, లెన్సు ముఖం కిందికి ఉంచి నెమ్మదిగా ఎక్కించి దించండి. రజను కింద పడుతుంది. అట్ట మాత్రం అంతా దులిపాకే తీయాలి.

వచ్చే పాఠం ఫంగస్. ఈ ఊరి ఉక్కకి ఇది తప్పని పాఠం. ఈలోగా మీ లెన్సుని టార్చి వెలుగులో వెనక నుంచి చూసి, మచ్చలు ఏ గాజు మీద ఉన్నాయో రాసుకుని రండి.