తుపానుకి ముందు వేలాడే కుండీలు దింపుతున్నారా? ఈ జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే విశాఖ బాల్కనీల్లో తీగమొక్కలకి టెన్షనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే పని ముగించండి.

దింపే ముందు రోజు నీళ్లు పోయకండి, తడిమట్టి బరువు. స్టూలుని ఇంకొకరు పట్టుకోవాలి.

అసలు పని ఆకుల దగ్గర. ఆకు కాడని కలిసే మూలలో దూదిలాంటి తెల్లటి ముద్ద ఉందా? అది పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆ కుండీని విడిగా పెట్టండి. బద్ధకిస్తే పక్క కుండీలకీ పాకుతుంది.

నేలకి జీరాడే తీగలు మొహమాటం లేకుండా కత్తిరించండి. మనీప్లాంట్ ముక్కని కణుపు మునిగేలా నీళ్లలో పెడితే వేళ్లు వస్తాయి. పసిపిల్లలు, పెంపుడు పిల్లులు ఆ ఆకు నమిలితే నోరు మండుతుంది, అందకుండా చూడండి.

ఇంట్లోకి తెచ్చిన కుండీల్లో మట్టి త్వరగా ఆరదు. వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు. పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి, డెంగీ దోమకి అంత చాలు. నాచుపూలకి మాత్రం కిటికీ పక్కనే చోటివ్వండి.

బయటే వదిలేసిన మొక్కల ఆకులపై ఉప్పు పేరుకుంటుంది. తుపాను వెళ్లగానే మంచినీళ్లతో కడగండి. లోపలివాటిని రెండు మూడు రోజులు నీడలో ఉంచాకే ఎండలోకి మార్చండి.