ఇండీ పాప్ వినాలంటే ముందు లేబుల్‌ను పట్టుకోండి

స్ట్రీమింగ్ యాప్‌లో ఇండీ పాప్ (చిన్న, స్వతంత్ర కంపెనీల ద్వారా వచ్చే గిటార్ పాప్ పాటలు) అని కొట్టి, ముందు కనిపించిన ప్లేలిస్ట్ పెట్టుకుని వదిలేస్తే వారం తిరక్కుండానే విసుగొస్తుంది. పాటలు బాగుండక కాదు, యాభై బ్యాండ్ల నుంచి తలా ఒక పాట ఏరి అన్నీ ఒకేలా వినిపించేట్టు పేర్చేసరికి ఎవరు ఏది పాడారో కూడా గుర్తుండదు. ఈ సంగీతం మీద నిజంగా ఇష్టం పెరగాలంటే లేబుల్ వెంట, అంటే ఆ పాటల రికార్డులు తెచ్చే కంపెనీ వెంట పడండి.

ఇండీ పాప్‌ను పెంచి పోషించింది చిన్న లేబుళ్లే. గ్లాస్గోలో పోస్ట్‌కార్డ్, న్యూజిలాండ్‌లో 1981లో మొదలైన ఫ్లయింగ్ నన్, అమెరికాలో ఒలింపియా అనే ఊళ్లో కె రికార్డ్స్, స్పెయిన్‌లో ఎలిఫాంట్, ఇవన్నీ తమకు నచ్చిన బ్యాండ్ల కోసం అభిమానులు పెట్టుకున్నవే. ఒక్కోదానిది ఒక్కో అభిరుచి. అందుకని ఒక పాట నచ్చగానే అది ఏ లేబుల్‌లో వచ్చిందో చూడండి, సాధారణంగా ఆల్బమ్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ లేకపోతే రికార్డుల వివరాలన్నీ ఉండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో వెతకండి, బేస్ గిటార్ ఎవరు వాయించారో, అదే మనిషి ఇంకే బ్యాండ్లలో ఉన్నారో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది. ఇక్కడ ఒకే మనిషి నాలుగైదు బ్యాండ్లలో కనిపించడం మామూలే. టలూలా గాష్ అనే బ్యాండ్‌లో పాడిన అమీలియా ఫ్లెచర్ ఆ తర్వాత హెవెన్లీ, మరీన్ రీసెర్చ్, టెండర్ ట్రాప్‌లలో పాడారు, ఆ ఒక్క గొంతు వెంట వెళ్తే చాలు, ఎన్నో ఏళ్ల పాటలు చేతికొస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే నేను సేరా రికార్డ్స్ అనే చెబుతాను. క్లేర్ వాడ్, మాట్ హేన్స్ కలిసి 1987లో బ్రిస్టల్‌లో పెట్టిన లేబుల్ ఇది, ఎక్కువగా ఏడంగుళాల సింగిల్స్ (కొన్ని పాటలే ఉండే చిన్న వినైల్ రికార్డులు) తెచ్చేవారు. తెచ్చినవాటికి వరుసగా నంబర్లు ఇచ్చేవారు, అదీ రికార్డులకు మాత్రమే కాదు, కొన్ని ఫ్యాన్‌జైన్లకు (అభిమానులు సొంతంగా అచ్చేసుకునే చిన్న పత్రికలకు) ఇచ్చారు, 50వ నంబర్ అయితే ఏకంగా ఒక బోర్డు గేమ్! 1995లో 100వ నంబర్ రాగానే, ఇంకా నడిపే వీలున్నా, లేబుల్‌ను మూసేశారు. అంటే మొదలూ చివరా ఉన్న కేటలాగ్ అన్నమాట, వరుసగా వింటూ పోవచ్చు. ఓపిక లేకపోతే ఫీల్డ్ మైస్, ఆర్కిడ్స్, హెవెన్లీ, ఈ మూడు బ్యాండ్లూ చాలు.

మొదటిసారి వింటే గొంతులు బలహీనంగా, రికార్డింగ్ పల్చగా అనిపించొచ్చు. అక్కడే చాలామంది ఆపేస్తారు, మీరు మాత్రం ఆపకండి. గొంతును గిటార్ల కింద కాస్త అణిచి పెట్టడం ఈ పాటల్లో తరచూ కావాలనే చేస్తారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండోసారి బేస్ ఒక్కదాన్నే పట్టించుకోండి, పైన గిటార్ తీగలు విడివిడిగా గలగలమంటుంటే అసలు ట్యూన్‌ను బేస్ మోస్తున్న పాటలు ఎన్నో దొరుకుతాయి. మూడోసారి లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి.

పాత సంకలనాల్లో ఎన్ఎంఈ అనే బ్రిటిష్ సంగీత పత్రిక 1986లో తెచ్చిన సి86 క్యాసెట్ పేరు అందరూ చెబుతారు. అందులో 22 బ్యాండ్లున్నాయి కానీ అన్నీ తియ్యటి గిటార్ పాటలు అనుకుని వెళ్తే కంగుతింటారు, గరుకుగా, వంకరటింకరగా సాగే పాటలు చాలానే ఉన్నాయి. నచ్చనివి దాటేయండి, తప్పేం లేదు.

పాతవాటి దగ్గరే ఆగిపోతే మాత్రం చాలా కోల్పోతారు. 1989లో పుట్టిన స్లంబర్‌ల్యాండ్ అనే అమెరికన్ లేబుల్ ఇప్పటికీ కొత్త బ్యాండ్లను తెస్తోంది. కొత్తవి వెతకడానికి నాకు, బ్యాండ్లు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్ కంటే మంచి దారి కనపడలేదు. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు వరుసగా ఉంటాయి, ఒకరి మీద నొక్కితే వాళ్లు ఇంకేం కొన్నారో మొత్తం తెరుచుకుంటుంది. మీకు నచ్చినవే మూడు నాలుగు ఆ కలెక్షన్‌లో కనిపించాయా, ఇక ఆ మనిషిని ఫాలో అయిపోండి. డబ్బు పెట్టి కొన్న మనిషి అభిరుచిని ఏ అల్గారిథమ్ కంటే ఎక్కువ నమ్మొచ్చు.

కొనడం గురించి కూడా గట్టిగానే చెబుతాను. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు ప్లే అవ్వని పాటకు రికార్డింగ్ రాయల్టీ రాదు, చిన్న బ్యాండ్ల పాటలు ఎన్నో ఈ గీతకు కిందే ఉండిపోతాయి. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద మామూలుగా 15 శాతం తీసుకుంటుంది, 2020 మార్చిలో మొదలుపెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో అదీ వదులుకుంటుంది. కొనాలనుకున్నవి విష్‌లిస్ట్‌లో పెట్టుకుని ఆ రోజు కొనండి.

ఎప్పుడైనా వీళ్ల కచేరీకి వెళ్లే వీలుంటే మొదటి బ్యాండ్ ఎక్కే సమయానికే అక్కడుండండి, దాన్ని చాలాసార్లు పెద్ద బ్యాండే ఇష్టపడి పిలుచుకుని ఉంటుంది. అయ్యాక టీషర్టులు, రికార్డులు పెట్టిన బల్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ అమ్మేది తరచూ బ్యాండ్ వాళ్లే. ఏదో ఒకటి కొని, ఈమధ్య మీరు ఎవర్ని వింటున్నారని అడగండి, చెప్పిన పేర్లు అక్కడికక్కడే ఫోన్‌లో రాసుకోండి.