చెప్పుల డబ్బాతో ప్రసవం పాఠం

ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే నాకు, మనిషి ప్రసవం ఎందుకింత కష్టమో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడం ఏనాడూ కుదరలేదు. బొమ్మలో బిడ్డ తిరగదు కదా! ఇప్పుడు చెప్పుల డబ్బా పట్టుకెళ్తున్నాను.

డబ్బా నుంచి రెండు అట్టముక్కలు కత్తిరించండి. ఒకదానిలో అడ్డంగా 13, పొట్ట నుంచి వెన్నుకు 11 సెంటీమీటర్లు ఉండే కోలగా ఉన్న రంధ్రం చేయండి. అది కటి, అంటే నడుము కింది ఎముకల వలయం, పైద్వారం. రెండోదానిలో కొలతలు తారుమారు చేయండి. అది కింది ద్వారం. అంచుల మీద ‘పొట్ట’, ‘వెన్ను’ అని రాయండి. ఒకసారి రాయడం మరిచిపోయి, బిడ్డ ఎటు చూస్తోందో తెలియక పిల్లల ముందు నవ్వులపాలయ్యాను. రెండు ముక్కలనూ జానెడు లోపు ఎడంలో ఒకదాని కింద ఒకటి నిలపండి.

బిడ్డ తలకు వినాయకుడి బొమ్మలు చేసే మట్టి మేలు. వెడల్పు 9.5, నుదుటి నుంచి వెనక తలకు 11.5 సెంటీమీటర్లు. ముక్కుకు శనగగింజ, భుజాలకు మెడ కింద అడ్డంగా 12 సెంటీమీటర్ల పుల్ల. మట్టిని మరీ ఆరనివ్వకండి. అసలు తల కూడా కాస్త నొక్కుకుంటుంది, కపాలపు ఎముకలు అప్పటికి అతుక్కోవు.

ఇక మీరు నోరు మెదపకుండా కూర్చుని, పిల్లలనే తోయనివ్వండి. శనగగింజను వెన్ను వైపు పెట్టి తోస్తే తల పైనే ఇరుక్కుంటుంది. పక్కకు తిప్పితే దిగుతుంది, కింద మళ్లీ ఆగుతుంది. పావు చుట్టు తిప్పి ముక్కును వెన్ను వైపు తెస్తే తల బయటపడుతుంది. అప్పుడు భుజాల పుల్ల అడ్డుతగులుతుంది. ఇంకో పావు చుట్టు.

తర్వాత చింపాంజీకని రెండు ద్వారాలూ ముందువెనుకలుగా పొడవున్నవే పెట్టి చూపండి. తల దిగడానికి ఈ మెలికలు అక్కర్లేదు.

కారణం ఒక్కటే అని మాత్రం రాయించకండి. నిటారు నడక కటిని మార్చింది, మెదడు తలను పెంచింది, ఆ రెండింటి పేచీ ఇదని 1960లో మానవశాస్త్రవేత్త వాష్‌బర్న్ అన్నారు. కాన్పు వేళను తేల్చేది కటి ఇరుకు కాదని, కడుపులోని బిడ్డకు తల్లి శరీరం ఇక శక్తి సమకూర్చలేని దశలో కాన్పు వస్తుందని 2012లో మానవశాస్త్రవేత్త డన్స్‌వర్త్ బృందం వాదించింది.

చివరగా, బయటపడేటప్పుడు బొమ్మ ముఖం తల్లి వెన్ను వైపు ఉండటం చూపించండి. తల్లి తానే వంగి బిడ్డను తన వైపు లాక్కుంటే మెడ వెనక్కి విరిచినట్టవుతుంది. మనిషికి మంత్రసాని అవసరం ఇక్కడే మొదలైందని మానవశాస్త్రవేత్తలు రోజెన్‌బర్గ్, ట్రెవాథన్‌ల వాదన. మొన్న మా తరగతిలో ఒక అమ్మాయి పైనుంచి తోస్తుంటే, పక్కనున్న పిల్ల ఎవరూ చెప్పకుండానే కింద దోసిలి పట్టింది.