నక్క పడితే సంబరపడాలా? లెనోర్మాండ్ కార్డుల దగ్గర చిక్కులు, వాటి విరుగుడు

టారో (జోస్యం చెప్పే బొమ్మల కార్డులు) కొంత నేర్చుకుని, అలాంటిదే మరో జోస్యపు పేక అయిన లెనోర్మాండ్ వైపు వచ్చినవాళ్ళు మొదట అనే మాట ఒకటే: "ఇదేముంది, అన్నీ తెలిసిన బొమ్మలే కదా!" తంటా అక్కడే మొదలవుతుంది. టారోలో తలకిందులుగా వేలాడే మనిషి బొమ్మ పడితే మనకేమీ తెలియదు కాబట్టి బుద్ధిగా పుస్తకం తెరుస్తాం. పాము, ఎలుక, నక్క, మబ్బు అలా కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరిగినవే. ఇక పుస్తకం ఎవరు తెరుస్తారు?

ఈ పేకలో 36 కార్డులు. 1799 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో హెఖ్టెల్ అనే ఆయన తయారుచేసిన ఒక పాచికల ఆట దీనికి మూలం. కార్డులను ఆరు వరసల్లో ఆరేసి చొప్పున పరిచి, పాచికలు వేసి కాయలు జరుపుతూ 35వ గడిలోని లంగరు చేరితే గెలుపు. మన వైకుంఠపాళికి దూరపు చుట్టమనుకోండి. పారిస్‌లో జోస్యురాలిగా పేరు మోసిన లెనోర్మాండ్ 1843లో కన్నుమూశాక, అమ్ముకునేవాళ్ళు ఆమె పేరును ఈ కార్డులకు తగిలించారు. అంటే ఈ బొమ్మలకు అర్థాలు పుట్టింది జర్మన్, ఫ్రెంచి ఇళ్ళలో. మనం చదివేది తెలుగు ఇళ్ళలో. కింది చిక్కుల్లో సగం ఈ దూరం వల్ల వచ్చినవే.

కార్డులకు భవిష్యత్తు నిజంగా తెలుసా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. చదవడం అనే పని ఎక్కడ గాడి తప్పుతుందో అంతవరకే.

నక్క పడింది, నోట్లోంచి "అదృష్టం" అని వచ్చేసింది

ఇది అందరికీ వచ్చే జబ్బు. నాకూ వచ్చింది. ఎవరికైనా కలిసొస్తే "నక్క తోక తొక్కొచ్చాడు" అంటూ పెరిగినవాళ్ళం. 14వ కార్డు పడగానే మనసు ఉరకలేస్తుంది. కానీ ఆ కార్డు అసలు చెప్పేది జాగ్రత్త గురించి: జిత్తులు, పక్కనే ఉండి మోసం చేసేవాళ్ళు, ఎక్కడో లెక్క తేడా. పాత పద్ధతిలో నక్క మనిషి కార్డుకు (అడిగినవాళ్ళకు బదులుగా నిలిచే కార్డు) దగ్గరగా పడితే అనుమానించాలి, దూరంగా పడితే భయం లేదు.

మబ్బులు ఇంకా కష్టం. రోహిణి ఎండలకు మాడి, మృగశిర కార్తె ఎప్పుడొస్తుందా అని ఆకాశం చూసే ఇంట్లో పుట్టినవాడికి మబ్బు చెడ్డదంటే ఎలా ఎక్కుతుంది? ఆరో కార్డులో మాత్రం అది అయోమయం, చికాకు. చాలా పేకల్లో ఆ బొమ్మకు ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా ఉంటుంది. నల్ల పక్కన ఏ కార్డుందో దానికి చిక్కు, తెల్ల పక్కన ఉన్నదానికి ఊరట. ఎలుకల్ని చూస్తే మనకు వినాయకుడి వాహనం గుర్తొస్తుంది. కార్డులో అవి కొరికేసేవి, తరుగు తెచ్చేవి. పాముకు మనం నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోస్తాం. అక్కడది మెలికలు, ద్రోహం. 11వ కార్డు బొమ్మలో బెత్తాల కట్ట చూసి "చీపురు, అంటే ఇల్లు శుభ్రపడుతుంది" అన్నవాళ్ళూ నాకు తెలుసు. అది గొడవల కార్డు.

మనసుకు తట్టిందని మనం గౌరవంగా చెప్పుకునేది ఇలాంటి చోట్ల స్ఫురణ కాదు, అలవాటు. అమ్మమ్మ మాట, సామెత, పండగ మనకంటే ముందు మాట్లాడేస్తాయి.

దీనికి విరుగుడు ఒక నోటుపుస్తకం. పేజీకి ఒక కార్డు. ఎడమవైపు పేక చెప్పే అర్థం, కుడివైపు మీ ఇంట్లో ఆ బొమ్మకున్న అర్థం. కుడివైపు సిగ్గుపడకుండా రాయండి. గుడ్లగూబ ఇంటిమీద వాలితే అరిష్టమని మీ ఊళ్ళో అంటే అదీ రాయండి, ఎందుకంటే కొన్ని పేకల్లో 12వ కార్డు పక్షుల చోట గుడ్లగూబలే ఉంటాయి, అక్కడ వాటికున్న అర్థం కబుర్లు, కంగారు, అంతే. ముప్ఫయ్యారు పేజీలూ నిండేసరికి ఏ కార్డు దగ్గర మీ ఇల్లు మీ నోరు లాక్కుంటోందో మీకే తెలుస్తుంది. నాకు ఎనిమిది కార్డులు తేలాయి.

తర్వాత ఒక కట్టుబాటు పెట్టుకోండి. మంచా చెడా అన్నది ఎడమ గడి తేలుస్తుంది. కుడి గడి రంగు అద్దుతుంది, అదీ బల్ల మీద ఇంకో కార్డు సాక్ష్యం చెప్తేనే. నక్క పక్కన 2వ కార్డు, చిన్న అదృష్టాన్ని చెప్పే క్లోవర్ ఆకు, పడిందనుకోండి. అప్పుడు "తెలివిగా మసలితే చిన్న అవకాశం దక్కుతుంది" అనవచ్చు, నక్క తోకకు అక్కడ చోటుంది. నక్క పక్కన పాము పడితే తోక సంగతి మరిచిపోండి.

అనుమానం తీరకపోతే కార్డు మీద ఉండే పేకముక్క గుర్తు చూడండి. దీన్ని చాలామంది అలంకారం అనుకుని వదిలేస్తారు. నక్క కళావరు తొమ్మిది. ఎలుకలు కళావరు ఏడు, కొండ ఎనిమిది, ఎలుగుబంటి పది, శిలువ ఆరు. కొరడా (పైన చెప్పిన 11వ కార్డు, బెత్తాల కట్ట) కళావరు జాకీ, పాము రాణి, మబ్బులు రాజు. బరువున్న కార్డులు దాదాపుగా కళావర్లోనే చేరాయి. కళావరు ఆసు మాత్రం ఉంగరం, ఈ బరువు తెగలో కలవనిది అదొక్కటే. పేకాట తెలిసిన చేతికి ఇది ఇట్టే అందుతుంది: కళావరు కనిపించాక "అదృష్టం" అనాలంటే నాలుక కాస్త ఆగుతుంది.

ఇంటి అర్థం ప్రతిసారీ శత్రువు కాదు. 17వ కార్డు కొంగ మార్పుకు గుర్తు. యూరప్‌లో తెల్లకొంగలు వసంతంలో తిరిగొచ్చి ఇళ్ళ కప్పుల మీద గూళ్ళు కడతాయి, అందుకని. కొంగ జపం తెలిసిన మనకు మొదట దొంగ భక్తుడే గుర్తొస్తాడు. కానీ శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వైపు వాళ్ళకు ఈ కార్డు చెప్పి చూడండి. ఏటా వానాకాలం దాటేసరికి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు ఆ ఊరి చెట్ల మీదికి వచ్చి దిగుతాయి, వాటి రాకను ఊరు శుభంగా చూస్తుంది. వాళ్ళకు ఈ కార్డుకు పుస్తకమే అక్కర్లేదు.

ఒక్కో కార్డు అర్థమవుతోంది, రెండు కలిపితే వాక్యం రావడం లేదు

చాలామంది వాడే పద్ధతిలో జంటలో మొదటి కార్డు విషయం, రెండోది దాని స్వభావం. ఫ్రెంచిలో ఇది సహజంగా కుదురుతుంది, అక్కడ విశేషణం ఎక్కువగా నామవాచకం తర్వాతే వస్తుంది. మన భాషలో ఎర్ర చీర, పాత ఇల్లు. విశేషణం ముందు. అందుకే తెలుగు కన్ను మొదటి కార్డును విశేషణంగా పట్టుకుంటుంది, అర్థం తిరగబడుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఏడాది పాటు తిరగేసి చదివాకే తెలిసింది.

రెండు కార్డుల మధ్య "ఎలాంటి?" అని పైకి అడగండి. ఉత్తరం. ఎలాంటి ఉత్తరం? ఓడ. దూరం నుంచి వచ్చే కాగితం. అదే ఓడ ముందు పడితే: ఓడ. ఎలాంటి ప్రయాణం? ఉత్తరం. వీసా, టికెట్, ఆఫర్ లెటరు, ఏదో ఒక కాగితంతో ముడిపడ్డ ప్రయాణం. రెండు వారాలు ఇలా గట్టిగా అడిగితే తర్వాత నోరు మెదపకుండానే వస్తుంది.

మనసుకు గట్టిగా తట్టింది, అయినా చదివింది కార్డుల్లో లేదు

మా వదిన అద్దె ఇల్లు మారుదామా అని అడిగింది. పడినవి ఇల్లు, ఎలుకలు, ఉత్తరం. నేను ఒక్క క్షణం కూడా ఆగకుండా "దొంగల భయం ఉంది వదినా, ఆ వీధి వద్దు" అన్నాను. ఒళ్ళు జలదరించింది కూడా, అంత నమ్మకంగా తట్టింది. ఎక్కడి నుంచి తట్టింది? ముందు రోజే మా పక్క పోర్షన్‌లో తాళం పగలగొట్టారు. రాత్రంతా నాకు అదే ధ్యాస. కార్డుల్లో దొంగ లేడు. ఎలుకలున్నాయి, అవి కొద్దికొద్దిగా కొరుకుతాయి. పక్కన ఉత్తరం ఉంది, అంటే కాగితం. ఇంటి కాగితంలో ఎక్కడో డబ్బు కొరికే మాట ఉందేమో చూడమని చెప్పాల్సింది. అగ్రిమెంటులో మెయింటెనెన్సు పేరిట నెలనెలా కట్టే సొమ్ము అద్దెలో నాలుగోవంతుంది. వదిన తనే చదివి పట్టుకుంది, నా ప్రమేయం ఏమీ లేదు.

ఒళ్ళు జలదరించడం స్ఫురణకు గుర్తని చాలామంది అంటారు. భయానికీ ఒళ్ళు అలాగే జలదరిస్తుంది, ఆశకూ అంతే. కాబట్టి దాన్ని కొలతగా వాడకండి.

నేనిప్పుడు చేసేది ఇది. ప్రశ్న వినగానే, పేక కలపకముందే, నాకేమనిపిస్తోందో ఒక చీటీ మీద రాసి బోర్లిస్తాను. తర్వాత కార్డులు పరిచి ఎడమ గడి అర్థాలతో పైకి చదువుతాను. ఆ తర్వాతే మనసుకు తట్టింది చెప్తాను. చివర్న చీటీ తిప్పుతాను. చీటీ మీదున్న మాటే నా నోట వచ్చి ఉంటే అది కార్డులిచ్చింది కాదు, నేను వెంట తెచ్చుకున్నది. ఎదుటివారికి ఆ మాటే చెప్పేస్తాను: "ఇది నా ఆలోచన, కార్డు కాదు" అని. చీటీలో లేనిది, పరిచిన కార్డుల్లో కనీసం ఒకదాన్ని చూపించి చెప్పగలిగింది అయితే అది నిలుస్తుంది. మొదట్లో నా చీటీలే నన్ను సిగ్గుపెట్టాయి, పదికి ఏడు సార్లు నా సొంత బెంగలే బయటపడేవి.

అర్థాలన్నీ కంఠతా వచ్చు, వినేవాళ్ళు ఆవులిస్తున్నారు

పై జబ్బుకు ఎదురు జబ్బు. "ఎలుగుబంటి అంటే బలం, అధికారం, డబ్బు, పైవాడు, అసూయ" అని ఎక్కాల్లా అప్పజెప్పడం. తప్పేమీ లేదు, ఉపయోగమూ లేదు.

ఇక్కడ చిలక జోస్యం చెప్పేవాళ్ళు గుర్తొస్తారు నాకు. (చిలకను పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, అందుకే ఇప్పుడు పెద్దగా కనిపించరు. అది మంచిదే.) గుడి ముందు చెట్టు నీడన కూర్చునేవాడు. చిలక కార్డు లాగితే పట్టాభిషేకం బొమ్మ వచ్చేది. దానికి ఆయన చదివేది ఎవరికైనా ఒకటే, రాగంతో సహా మారేది కాదు. కానీ పరీక్ష రాసిన కుర్రాడికి అది పాసవడం, కోడలితో పడని పెద్దావిడకు అది ఇల్లు కుదుటపడటం. పాఠం కదలలేదు, అడిగినవాళ్ళ బతుకే అందులోకి వచ్చి కూర్చుంది.

మనమూ చేయాల్సింది అదే, ఒక తేడాతో. ఆయన చీర, చెప్పులు, ముఖం చూసి ఊహించేవాడు. ముఖం చూసి పట్టుకున్నదాన్ని కార్డు చెప్పిందనడం నాకు నచ్చదు. నేరుగా అడగండి: "మీరు ఉద్యోగమా, వ్యాపారమా? ఈ విషయంలో మీకంటే పైచేయి ఎవరిది?" ఉద్యోగి అయితే ఎలుగుబంటి మేనేజరు. కిరాణా కొట్టు నడిపే ఆయన అయితే అప్పిచ్చినవాడు. కార్డుకున్న ఐదు అర్థాల్లోంచి ఒకదాన్ని ఏరడమే స్ఫురణ పని. ఆరోది పుట్టించడం దాని పని కాదు.

ఒక్కో పుస్తకం ఒక్కో మాట చెబుతోంది

చెప్తుంది. నక్క అంటే ఉద్యోగమని ఇప్పటి ఇంగ్లీషు చదువరుల్లో చాలామంది అంటారు, పాత పద్ధతివాళ్ళు ఒప్పుకోరు. ఉద్యోగానికి కొందరు లంగరును తీసుకుంటారు, కొందరు చంద్రుణ్ణి. లిల్లీ ఒకరికి శీలం, ఒకరికి కుటుంబం, ఇంకొకరికి పడకగది. ఎవరిది సరైనదని వెతకడం వృథా. పేక కలపకముందే ఒకటి ఎంచుకుని నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి, ఆరు నెలలు ముట్టుకోకండి. కార్డు పడ్డాక అర్థం ఎంచుకుంటే మీకు కావలసిన జవాబే వస్తుంది.

శవపేటిక పడింది, ఎవరైనా పోతారా?

అనకండి. చాలా హిందూ ఇళ్ళలో పాడె తప్ప పెట్టె కనపడదు, అందుకే ఆ బొమ్మకు సినిమా భయం ఎక్కువ. 8వ కార్డు ముఖ్యంగా ముగింపు, మూసివేత. "ఈ విషయంలో అయిపోయినదాన్ని ఇంకా మోస్తున్నారా?" అని అడగండి. పాత పద్ధతిలో అది జబ్బును కూడా చెప్తుంది, మనిషి కార్డుకు దగ్గరైతే గట్టిగా. ఆ పాఠం తెలిసి ఉండాలి, ఒంట్లో బాగాలేని మనిషి ముందు చదవకూడదు. ఆరోగ్యం అడిగితే నేను పేక తీయను, డాక్టరు దగ్గరికి వెళ్ళమంటాను.

అదే ప్రశ్నకు మళ్ళీ మళ్ళీ పరుస్తున్నాను, ప్రతిసారీ వేరేగా వస్తోంది

కలిపిన పేకలో వేరేగా రాక ఇంకేమొస్తుంది? మూడో వరస బాగా కుదిరినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే నచ్చినచోట ఆపింది మనమే. మొదటి వరసను ఫొటో తీసి, పేకను డబ్బాలో పెట్టేయండి, వారం దాకా తీయకండి. వదిన ఇంటి వరస ఇంకా నా ఫోనులో ఉంది. ఎలుకల పక్కన ఉత్తరం, అంత స్పష్టంగా.